పద్మిని డ్యాష్‌బోర్డు కొయ్యకుంట కొత్త సెట్టు పెట్టుడెట్ల

తమ్మీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివిన. బాపు కొన్న 1986 ప్రీమియర్ పద్మిని, హన్మకొండల ఇంటి ముంగట టార్పాలిన్ కింద ఏండ్లకేండ్లు పడి ఉన్నది, ఇప్పుడు ఇంజన్ పని చేపిచ్చి రోడ్డెక్కిచ్చినవు, దాంట్ల బ్లూటూత్ ఉన్న పెద్ద టచ్ స్క్రీన్ పెట్టాలనుకుంటాన్నవు, మిస్త్రీ ఏమో కట్టర్ పెట్టి డ్యాష్‌బోర్డు కోస్తే గంటల అయిపోతది అన్నడు, నీకు మనసొప్పుతలేదు. పైకెళ్లి దోస్తుగాని చిన్న బ్లూటూత్ సెట్టు తెచ్చి ఉత్తగ వైర్లు తగిలిచ్చి చూస్తే ఇంజన్ రేస్ చేసినప్పుడల్ల కుయ్యిమని శబ్దం వస్తాంది. గదే కద.

ముందు కోసుడు ముచ్చట. నేను వరంగల్ల ఆటో ఎలక్ట్రికల్ పని ఇరవై ఎనిమిదేండ్ల నుంచి చేస్తున్న, కొత్తల ఉస్తాద్ దగ్గర ఉన్నప్పుడు ఒక డాక్టర్ సారు ఫియట్‌కు క్యాసెట్ డెక్కు పెట్టాలంటే నేనే హ్యాక్సా బ్లేడు, ఆకురాయి పట్టుకొని కోసిన. అప్పుడు మస్తు గొప్పగ అనిపిచ్చింది, సారు యాభై రూపాయలు బక్షీస్ సుత ఇచ్చిండు. ఇరవై ఏండ్ల తర్వాత ఆ సారు కొడుకు గదే బండిని పాత తీరుగ చేపియ్యాలని తెచ్చిండు, ఆ డ్యాష్ ఎక్కడ దొరుకతది? రేకు ముక్క పెట్టి వెల్డింగ్ కొట్టి, పుట్టీ పెట్టి, పెయింట్ వేసినం. నీడల మంచిగనే కనపడ్తది, ఎండ అడ్డంగ పడిందా, నా చేతి గీత అట్లనే తేలుతది. అందుకే చెప్తున్న, రేకు డ్యాష్ ఉన్న బండికి కట్టర్ ముట్టియ్యకు. బండి ఎన్నేండ్లైనా ఉంటది, సెట్టు మాత్రం నాలుగైదు ఏండ్లల్ల పాతదైపోతది, దాని కోసం బండిని కోసుడేంది.

కొలతలు చూస్కుంటే నీకే అర్థమైతది. డిన్ అంటే కారు సెట్ల సైజు కొలత, సింగిల్ డిన్ సెట్టుకు కావాల్సిన కంత 182 ఎంఎం వెడల్పు, 53 ఎంఎం ఎత్తు, నువ్వు అడిగే టచ్ స్క్రీన్ డబుల్ డిన్, అది సుమారు 180 కి 100. ఈ పాత బండ్ల డ్యాష్ గీసినప్పుడు ఈ డిన్ ముచ్చటే లేదు, అప్పటి రేడియోలకు రెండు పక్కల రెండు నాబులు, నడుమ సన్నటి డయల్, గంతే. ఇగ డ్యాష్ వెనుక ఏమున్నదో చూసినవా? టార్చ్ పట్టుకొని వెల్లెలుకల పండుకొని చూడు, వైపర్ లింకులు, స్పీడో కేబుల్, నలభై ఏండ్ల నాటి వైర్ల గుత్తి. స్పీడో కేబుల్‌ను సెట్టు వెనుక భాగం నొక్కిందనుకో, కేబుల్ వంగి మీటరు ముల్లు ఎగిరెగిరి పడ్తది, కొన్ని దినాలకు కేబులే తెగుతది. అందుకని సీడీ లేని మెక్‌లెస్ సెట్టు తీస్కో, అది లోతు చాన తక్కువ ఉంటది.

నా సలహా మూడు తీర్లు ఉన్నది, నీ ఓపికను బట్టి. అన్నిట్ల సులువైంది డ్యాష్ కింద వేలాడే బ్రాకెట్, పాత బోల్టు కంతలే వాడుకుంటే కొత్త కంత ఒక్కటి సుత కొట్టే పని లేదు, కాకపోతే గేరు రాడ్డుకు, ఎక్కి దిగేటోళ్ల మోకాలుకు తగులుతదా అని ముందు అట్టముక్క కోసి పెట్టి వారం తిరుగు. రెండోది గ్లోవ్ బాక్సుల సెట్టు దాచిపెట్టుడు, మూత పెడ్తే ఎవ్వరికి కనపడది, పాటలు ఫోన్ కెళ్లే మార్చుకుంటవు కాబట్టి సెట్టు ముఖం చూసే అవసరమే లేదు. నాకైతే ఇదే ఇష్టం. మూడోది, బాపు కాలం నాటి రేడియో ఇంకా ఇంట్ల ఉంటే దాన్నే ఉంచి లోపల ఆక్స్ లైను, అంటే ఫోన్ పాట రేడియోలకు పోయే వైరు, తీసుడు. వాల్యూం పాట్ (వాల్యూం నాబు వెనుక ఉండే భాగం) దగ్గర పాట లోపలికి పంపిస్తరు, నడుమ కండెన్సర్ పెడ్తరు, ఫోన్ లెఫ్ట్ రైట్ రెండు వైర్లను నేరుగ కలపకుండ ఒక్కోదానికి ఒక కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టి కలపాలె, లేకుంటే ఫోన్ అవుట్‌పుట్ మీద లోడ్ పడ్తది. ఇది రేడియో పని తెలిసినోడు చెయ్యాల్సిన పని, యూట్యూబ్ చూసి మొదలు పెట్టకు. పాత రేడియో లేకుంటే గురువారం హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్ల ఒక చూపు చూడు, నసీబు ఉంటే దొరుకతది, పాత ఫేస్‌ప్లేట్లు, నాబులు అక్కడనే చానసార్లు కొన్న. సెట్టు సామాను, స్పీకర్లు అయితే కోఠి గుజరాతీ గల్లీ.

టచ్ స్క్రీన్ మీద ఇంకా మనసు పోతలేదంటే ఒక్క మాట, మన దిక్కు మే నెలల ఎండ 44, 45 దాకా పోతది, రేకు డ్యాష్ చెయ్యి పెడ్తే చుర్రుమంటది, దాంట్ల అంత పెద్ద స్క్రీన్ ఎండకు నల్లగ అయి టచ్ పని చెయ్యకుంట పోయిన బండ్లు నా షాపుకు ఎన్నో వచ్చినయ్. రివర్స్ కెమెరా కావాలంటే అద్దానికి తగిలిచ్చే చిన్న స్క్రీన్ వేరేగ దొరుకతది.

ఇగ కరెంటు. సెట్టు కొనకముందే మల్టీమీటరు తీస్కొని మూడు రీడింగులు చూడు. ఇంజన్ బంద్ ఉన్నప్పుడు బ్యాటరీ మీద 12.6 వోల్టుల దగ్గర ఉండాలె. ఇంజన్ కొంచెం రేస్‌ల పెట్టినప్పుడు 13.8 నుంచి 14.4 నడుమ రావాలె. 15 దాటి పోతాందంటే కటౌట్ (ఛార్జింగ్‌ను అదుపుల పెట్టే డబ్బా) పాడైంది, ముందు దాన్ని బాగు చేపియ్యి, లేకుంటే కొత్త సెట్టును నీ చేతులతోనే కాల్చుకున్నట్టు. మూడోది బ్యాటరీ మైనస్ నుంచి డ్యాష్ వెనుక రేకుకు, హెడ్‌లైట్లు వేసి ఉంచి, వోల్టేజ్ చూడు. అర వోల్టు చూపిచ్చినా ఎర్త్ బాలేదన్నట్టే. చానమంది మిస్త్రీలు ఇది చూడరు. బ్యాటరీ నుంచి బాడీకి పోయే పట్టీ, బాడీ నుంచి ఇంజన్‌కు పోయే పట్టీ, ఈ రెండిటి కింద తుప్పు గీకి, తెల్లగ మెరిసేదాకా రాకి, బోల్టు బిగిచ్చి పైన గ్రీజు పుయ్యి. సగం బండ్లల్ల సగం లొల్లి ఇక్కడనే పోతది.

బ్యాటరీని ఛార్జ్ చేసేది నీ బండిల పాత డైనమోనా, ఆల్టర్నేటర్ ఏసిన్రా? బానెట్ ఎత్తి చూడు, పొడుగ్గ గొట్టం లెక్క ఉంటే డైనమో. డైనమో ఐడిలింగ్‌ల ఛార్జింగ్ ఇయ్యది, ఎర్ర లైటు మినుకు మినుకు అంటది, అది బండి గుణం. లెక్క చూడు, 45 వాట్ల హెడ్‌లైట్లు రెండు అంటే 90 వాట్లు, 12తోని భాగిస్తే ఏడున్నర ఆంప్స్. ఎవరన్నా 60 వాట్ల హాలోజన్ వేసి ఉంటే పది ఆంప్స్ దానికే. ఇగ ఇగ్నిషన్ కాయిల్‌కు మూడు నాలుగు, వైపర్‌కు మూడు, వెనుక లైట్లు మీటరు లైట్లు కలిపి రెండు. వానాకాలం రాత్రి కాజీపేట బ్రిడ్జి మీద ట్రాఫిక్‌ల ఇరుక్కున్నవనుకో, వైపర్ నడుస్తాంది, లైట్లు వెలుగుతున్నయ్, ఇంజన్ ఐడిలింగ్‌ల ఉన్నది, డైనమో ఇచ్చేదేం లేదు, మొత్తం బ్యాటరీ మీదనే. ఆ కాలం లూకాస్ సీ40 డైనమో మంచిగ తిరిగినప్పుడు సుత ఇచ్చేది 22 ఆంప్సే. అందుకని మామూలు వాల్యూం మీద రెండు మూడు ఆంప్స్ తినే సింగిల్ డిన్ సెట్టు సరిపోతది, డిక్కీల వూఫరు, దానికి ఆంప్లిఫైయరు అంటే ఆల్టర్నేటర్ మార్చినాకనే మాట్లాడు. డబ్బా మీద 50 వాట్లు ఇంటూ నాలుగు అని రాస్తరు, అది చూసి మురిసిపోకు, ఆ సెట్టు నిజంగ ఎడతెగకుండ ఇచ్చేది ఒక్కో ఛానల్‌కు ఇరవై వాట్ల దగ్గర ఉంటది, పద్మిని లోపల అంత చిన్న జాగకు అదే ఎక్కువ.

పోయిన మేడారం జాతరకు ముందు పరకాల దిక్కు నుంచి ఒకాయన డైనమో బండికి పెద్ద ఆంప్లిఫైయర్ పెట్టిచ్చుకున్నడు, నేను వద్దన్న, ఇంకో షాపుల పెట్టిచ్చిండు. జాతరల రాత్రంత ఇంజన్ బంద్ పెట్టి పాటలు విన్నరు, పొద్దుగాల సెల్ఫ్ కొడ్తే టిక్ అని సుత అనలేదు. ఆ జనంల బండిని నలుగురు తోసి స్టార్ట్ చేసిన్రట. తోస్తే స్టార్ట్ అయ్యే బండి కాబట్టి బతికిండు.

వైర్లు ఎట్ల కలపాలంటే, ముందు బ్యాటరీ మైనస్ టెర్మినల్ తియ్యి, తర్వాతనే చెయ్యి పెట్టు. సెట్టు కప్లర్‌ల పసుపు వైరు ఎప్పటికీ కరెంటు ఉండాల్సింది, ఎర్రది తాళం తిప్పితే రావాల్సింది, నల్లది ఎర్త్, నారింజ రంగుది లైట్ల స్విచ్చుకు. నీలం వైరు ఏరియల్‌కో ఆంప్లిఫైయర్‌కో సెట్టు బయటికి పంపే కరెంటు, దానికి నువ్వు కరెంటు ఇయ్యకు, సెట్టు లోపల కాలుతది. స్పీకర్లకు తెలుపు ముందు ఎడమ, బూడిద ముందు కుడి, పచ్చ వెనుక ఎడమ, ఊదా వెనుక కుడి, నల్ల గీత ఉన్నది మైనస్. అగ్గువ సెట్లల్ల రంగులు తప్పు ఉంటయ్, పైన అంటిచ్చిన కాగితం చూసి, మీటరు పెట్టి చూసి కలుపు.

పాత బండ్ల తాళం స్విచ్చుకు ఏసీసీ పొజిషన్ (ఇంజన్ ఆన్ చెయ్యకుంట రేడియోకు కరెంటు ఇచ్చేది) చానసార్లు ఉండది, దాంతోని మిస్త్రీలు ఎర్ర, పసుపు వైర్లు రెండు కలిపి ఒక్కదానికే ముడి వేస్తరు. పని జరుగుతది, కానీ సెట్టు ఆన్‌ల మరిస్తే పొద్దుటికి బ్యాటరీ ఖాళీ. నువ్వు ఇట్ల చెయ్యి: బ్యాటరీ ప్లస్ నుంచి సీదా ఒక రెండున్నర స్క్వేర్ వైరు, బ్యాటరీకి జానెడు దూరంలనే 15 ఆంప్స్ ఫ్యూజు, అక్కడ నుంచి ఒక నాలుగు కాళ్ల రిలే, అంటే చిన్న కరెంటుతోని పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్చు, కాళ్ల మీద నంబర్లు ఉంటయ్. రిలే 30కి బ్యాటరీ కరెంటు, 86కు ఇగ్నిషన్ కరెంటు, 85 ఎర్త్, 87 కెళ్లి సెట్టు ఎర్ర వైరు. పసుపును ఫ్యూజు తర్వాత నేరుగ. దీనితోని బండి పాత స్విచ్చు మీద, పాత ఫ్యూజ్ బాక్సు మీద లోడ్ పడది. ఫ్యూజు సెట్టు దగ్గర కాకుండ బ్యాటరీ దగ్గరనే ఎందుకంటే, నడుమ ఎక్కడన్నా ఫైర్‌వాల్ (ఇంజన్‌కు, లోపలికి నడుమ ఉండే) రేకు వైరును కోసిందనుకో, ఆ ముక్కను కాపాడేది గా ఫ్యూజే. రేకు కంతల నుంచి వైరు పోయేకాడ రబ్బరు గ్రోమెట్ తప్పనిసరి. నీ బండి నెలకు ఒకసారే తిరుగుతదంటే బ్యాటరీ కటాఫ్ స్విచ్ ఒకటి పెట్టుకో.

స్పీకర్ల దగ్గర ఒక తప్పు ఉంటది, పాత ఫియట్లు తెచ్చేటోళ్లు అందరు అదే చేస్తరు. పాత రేడియోకు స్పీకర్ ఒక వైరు బాడీకి ఎర్త్ చేసి ఉంటది. కొత్త సెట్ల స్పీకర్ మైనస్‌ల సుత సగం వోల్టేజ్ ఉంటది, దాన్ని బాడీకి ముట్టిస్తే అవుట్‌పుట్ ఐసీ వెంటనే పోతది. కాబట్టి ప్రతి స్పీకర్‌కు రెండు కొత్త వైర్లు సెట్టు దాకా. ఒక్కటే స్పీకర్ జాగ ఉన్నదంటే రెండు కాయిళ్లు ఉన్న స్పీకర్ దొరుకతది, లెఫ్ట్ ఒక కాయిల్‌కు, రైట్ ఇంకోదానికి. తలుపులు కోసి స్పీకర్లు పెట్టకు, అద్దం కిందికి దిగినప్పుడు తగులుతది, వాన నీళ్లు సుత తలుపుల కెళ్లే కారుతయ్. వెనుక సీటు పైన చెక్క షెల్ఫు కొత్తగ చేపిచ్చి దాంట్ల ఓవల్ స్పీకర్లు పెట్టు, పాత షెల్ఫు తీసి ఇంట్ల భద్రంగ దాచిపెట్టు.

సెట్టును ముంగట పట్టీల మీదనే వేలాడదియ్యకు, వెనుక బోల్టుకు కంతల ఇనుప పట్టీ పెట్టి డ్యాష్ లోపల గట్టి రేకుకు బిగియ్యి. మన ఊరి రోడ్ల మీద ఊగిఊగి ముందు బెజెల్ పగులుతది.

ఇగ అసలు కుయ్యి శబ్దం. మూడు రకాల శబ్దం ఉంటయ్, చెవి పెట్టి వినాలె. ఇంజన్ రేస్‌తోని పాటు సన్నటి ఈల లెక్క పైకి పోయేది ఆల్టర్నేటర్, డైనమో శబ్దం. టిక్ టిక్ టిక్ అని రేస్‌తోని తొందరగ అయ్యేది ప్లగ్గుల శబ్దం. ఇంజన్‌తోని సంబంధం లేకుండ బర్రుమనేది వైపర్, ఫ్యాన్, లేకుంటే ఛార్జర్. పట్టే పద్ధతి చెప్తున్న, రాస్కో. ఎఫ్ఎం పెట్టు, వరంగల్ ఆకాశవాణి 103.5. శబ్దం వస్తున్నప్పుడు ఏరియల్ ప్లగ్గు గుంజెయ్యి. శబ్దం పోయిందా, ఏరియల్ దారిల వస్తాంది. పోలేదా, కరెంటు దారిల వస్తాంది. కరెంటు దారి అనుకుంటే సెట్టు ఎర్ర, పసుపు, నల్ల వైర్లను పొడుగు వైర్లతోని నేరుగ బ్యాటరీకి కలిపి చూడు, అప్పుడు పోయిందంటే నీ వైరింగ్, ఎర్తే దొంగ.

నీ దోస్తు వైర్లు ఎట్ల తగిలిచ్చిండో నాకెర్కే, నల్ల వైరును డ్యాష్ స్క్రూ కింద పెట్టి ఉంటడు, పెయింట్ మీదనే. నల్ల వైరు మందంగ తీసి బాడీ తెల్లగ గీకిన చోట లగ్గు వేసి బిగియ్యి, నీ శబ్దం అక్కడనే సగం తగ్గుతది. తగ్గకుంటే డైనమోకు ఒక మైక్రోఫారాడ్ కండెన్సర్ పెడ్తరు, పెద్ద టెర్మినల్ డీ మీద మాత్రమే, చిన్నది ఎఫ్ ఉంటది దాని మీద పెట్టొద్దు, పెడ్తే కటౌట్ పాయింట్లు కాలుతయ్. ఇగ్నిషన్ కాయిల్ ప్లస్ దిక్కు సుత ఇట్లాంటిదే ఒకటి. కాయిల్‌కు అటు దిక్కు, డెల్కోకు (డిస్ట్రిబ్యూటర్‌కు) పోయే వైరుకు పెడ్తే బండి స్పార్క్ దెబ్బ తింటది, పైలం. టిక్ టిక్ శబ్దానికి రెసిస్టర్ ప్లగ్గులు, లేకుంటే ప్లగ్గు క్యాపులు రెసిస్టర్‌వి వెయ్యి, ప్లగ్గులకు పోయే పాత రాగి తీగ హెచ్‌టీ వైర్లు చానసార్లు దానికి కారణం.

ఏరియల్ దారి అనుకుంటే ఏరియల్ కింద ఫెండర్ రేకు లోపలి దిక్కు గీకు, దాని జడ వైరుకు ఎర్త్ కావాలె. ఎఫ్ఎంకు ఏరియల్ 75 సెంటీమీటర్ల దగ్గర ఉంటే మంచిది, అద్దానికి అంటిచ్చే వైర్లు ఉత్తవే. హైదరాబాద్ ఏ స్టేషన్ 738 మీద మీడియం వేవ్ వినాలన్న కోరిక ఉంటే మటుకు కొత్త అగ్గువ సెట్లల్ల ఏఎం సరిగ పట్టది, లేకుంటే అసలే ఉండది, కొనేటప్పుడు చూస్కో. ఏఎం ఉన్న పాత సెట్లకు ఏరియల్ కంత పక్కన చిన్న ట్రిమ్మర్ స్క్రూ ఉంటది, పైదిక్కు 1400 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల బలహీనంగ వినపడే స్టేషన్ పెట్టి దాన్ని మెల్లగ తిప్పితే గొంతు పెద్దగైతది, ఎక్కడ ఎక్కువ వినపడ్తే అక్కడ ఆపాలె.

ఒకసారి నేను ఒక బండికి మూడు దినాలు ఈ పనంత చేసిన, కండెన్సర్లు పెట్టిన, ప్లగ్గులు మార్చిన, ఎర్తులు గీకిన, శబ్దం తగ్గుతలేదు. మూడో నాడు చాయ్ తాగుదామని ఓనరు ఫోను తీస్కొని దిగిండు, శబ్దం బంద్. లైటర్ సాకెట్‌ల వేసిన అగ్గువ మొబైల్ ఛార్జర్. ఫోను పెట్టినప్పుడే లొల్లి. అప్పటి నుంచి నేను ముందు ఛార్జర్ గుంజి, హెడ్‌లైట్ల ఎల్ఈడీ బల్బులు ఉంటే బంద్ చేసి, ఆ తర్వాతనే మీటరు ముట్టుకుంటున్న.

ఇంకో మాట, నీకు కాదు గని ఇది చదివే అంబాసిడర్ ఓనర్లకు. పద్మిని ఫియట్ 1100 బండి, మైనస్ ఎర్త్. అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కెళ్లి వచ్చింది, బాగ పాత మోడళ్లకు ప్లస్ ఎర్త్ ఉంటది. బ్యాటరీల బాడీకి పోయే పట్టీ ప్లస్‌కు ఉన్నదా మైనస్‌కు ఉన్నదా చూడండి. ప్లస్ ఎర్త్ బండిల కొత్త సెట్టు బాడీ రేకుకు తగిలిందా, అది సీదా షార్ట్ సర్క్యూటే, నా షాపులనే ఒక సెట్టు కాలింది, వాసన ఇప్పటికీ గుర్తున్నది. మార్పిచ్చుకోవచ్చు, బ్యాటరీ ప్లస్, మైనస్ వైర్లు అటుఇటు మార్చి, కాయిల్ వైర్లు, ఆమ్మీటర్ వైర్లు తిప్పి, డైనమో రెండు వైర్లు తీసి ఎఫ్ టెర్మినల్‌కు కొత్త ప్లస్ కరెంటు ఒక్క సెకండ్ ముట్టియ్యాలె, లేకుంటే డైనమో పాత దిక్కే ఛార్జ్ చేస్తది. తెలిసినోని చేతనే చేపియ్యండి.

తమ్మీ, ఇప్పుడు నువ్వు కట్టర్ మిస్త్రీకి వద్దని చెప్పి, ఆ మూడు వోల్టేజ్ రీడింగులు, డ్యాష్ వెనుక టార్చ్ వేసి తీసిన రెండు ఫోటోలు, గ్లోవ్ బాక్సు లోపలి లోతు కొలత పంపు. గ్లోవ్ బాక్సు లోతు 150 ఎంఎం కంటే ఎక్కువ ఉంటే సెట్టు పేరు నేను చెప్త, అప్పుడే కొను. ఎర్త్ పట్టీలు మాత్రం ఈ ఆదివారమే గీకి పెట్టు.